ముల్లు కదలాలి

పొద్దున ఏడు కావస్తోంది. అశోక్‌నగర్ సందులో మా ఇంటి కింది అంతస్తు స్నానాలగదిలో నిలబడి ఉన్నాం. గోడలకు నడుమెత్తున గాడులు కొట్టి ఉన్నాయి. ఇటుక పొడి ముక్కులో గీరుతోంది. గాడుల్లో మీగడరంగు సీపీవీసీ పైపులు, నల్లాలు రావలసిన చోటల్లా వాటి మూతులకు డమ్మీలు. నేలమీద ఎర్ర తొట్టి, దానికో పొడుగాటి పిడి. అదే టెస్టింగ్ పంపు. మేస్త్రి దాని ముందు గొంతుక్కూర్చుని పిడి ఎత్తి దించుతున్నాడు. టక్, టక్. మొదట వదులుగా ఊగిన పిడి నాలుగైదు దెబ్బలకు బిగుసుకుంది. పంపు మీది గేజ్‌లో ముల్లు లేచి ఆగింది.

"సూడుర్రి సార్, ఆరు కిలోలు."

వంగి చూస్తున్నాను. అద్దం మీద సున్నా నుంచి 60 దాకా అంకెలున్నాయి, చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోల ఒత్తిడి అని. గీతకూ గీతకూ మధ్య 2 కిలోలు. ముల్లు ఎడమవైపు మూలన, సున్నా పక్కనే, మూడో గీత మీద ఉంది. లేదా ఉన్నట్టుంది. ముల్లే గీత అంత మందం.

గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. పైన నాలుగు అంతస్తుల్లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు అద్దెకుంటారు. ఇవాళ వాళ్లకు నల్లాలు బంద్. సంపు దగ్గర బకెట్ల చప్పుడు, మెట్ల మీద తడిచెప్పుల చప్పుడు. మేస్త్రి సెల్‌ఫోన్‌లో టైం చూస్తాడు. పది నిమిషాలు.

"కదుల్తలేదు సార్. లీకు లేదు. రేపు ప్లాస్టర్ కొట్టిపిస్త."

నిజమే, కదలడం లేదు. మూడేళ్ల కిందట ఇదే ఇంట్లో రెండో అంతస్తులో ఇలాంటి ముల్లే కదల్లేదు. అప్పుడు పని చేసినవాళ్లు వేరే. ముల్లు చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లారు. ఎనిమిది నెలలకు గోడ మీద అరచేయంత మరక లేచింది. ఇంకో నెలకు అది చాపంత అయింది. ఆ గోడకు ఆనించి పెట్టుకున్న ఒక అబ్బాయి నోట్సులు అట్ట నుంచి అట్టకు బూజు పట్టాయి. రెండేళ్లు చేత్తో రాసుకున్న కాగితాలు. గోడ పగలగొడితే లోపల ఒక మర దగ్గర ఒక్క చుక్క. మేం చూస్తుండగా జారింది. చాలాసేపటికి ఇంకొకటి.

ఆ చుక్కను మర్చిపోలేక గోడ మీద పెన్సిలుతో లెక్క వేస్తున్నాను. మేస్త్రి పక్కకు వచ్చి నిలబడ్డాడు. పది సెకన్లకు ఒక చుక్క అనుకుందాం. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఆరు చుక్కలు, రోజుకు 430 మిల్లీలీటర్లు. ఎనిమిది నెలల్లో వంద లీటర్లు దాటి ఇటుకలు తాగేస్తాయి. అదే చుక్క పది నిమిషాల పరీక్షలో పోగొట్టేది 3 మిల్లీలీటర్లే.

ఆ 3 మిల్లీలీటర్లకు ముల్లు ఎంత దిగాలి? మా లైన్ మొత్తంలో పట్టే నీళ్లు సుమారు 20 లీటర్లు. నీళ్లు ఒత్తిడికి దాదాపు నలగవు, ప్లాస్టిక్ పైపు మాత్రం కాస్త ఉబ్బుతుంది. ఈ రెండూ కలిపి చూస్తే 6 కిలోలు ఎక్కించడానికి లోపలికి అదనంగా పోయే నీళ్లు యాభై, అరవై మిల్లీలీటర్లు. సగం ఇరానీ చాయ్. అంటే 9 మిల్లీలీటర్లు బయటికి పోతే ఒక కిలో పడిపోతుంది. 3 పోతే కిలోలో మూడోవంతు.

ఇప్పుడు మళ్లీ ఆ 60 కిలోల అద్దం వైపు చూడండి. కిలోలో మూడోవంతు అంటే దాని మీద ఒక గీతలో ఆరోవంతు. పైగా గేజ్ ముఖం మీద కింద చిన్నగా 1.6 అని ఉంది. మొత్తం కొలతలో నూటికి 1.6 వంతు అటూ ఇటూ తప్పు చూపించే హక్కు దానికి ఉందని అర్థం. 60 కిలోలకు అది దాదాపు ఒక కిలో. మన చుక్క ఆ తప్పులోనే మునిగిపోతుంది. ముల్లు అబద్ధం చెప్పడం లేదు. దానికి ఆ చుక్క కనపడదు, అంతే.

"పంపుతోని వచ్చిన మీటరే సార్ ఇది. అందరి దగ్గర ఇదే ఉంటది," అంటాడు మేస్త్రి. కోపంగా కాదు. తన చేతిపని మీద నమ్మకంతో.

"నీ పని బాగుందన్నా. ఈ గేజ్‌కి మాత్రం కళ్లు ఆనవు. దుకాణానికి పోయొద్దాం రా."

సందు దాటి బయటపడ్డాం. సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు భుజాన సంచులతో పిల్లలు పోతున్నారు. టిఫిన్ బండి దగ్గర ఒకడు ఇడ్లీ తింటూ కరెంట్ అఫైర్స్ తిరగేస్తున్నాడు. చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు ఎక్కగానే నెత్తిమీద మెట్రో. 2020 ఫిబ్రవరిలో ఈ లైన్ మొదలైనప్పటి నుంచి ఈ రోడ్డు సగం నీడలోనే ఉంటుంది. స్తంభాల నీడ, ఎండ, నీడ, ఎండ దాటుకుంటూ నారాయణగూడ దాకా నడక. మేస్త్రి సంచిలో రెంచీలు గలగలమంటున్నాయి.

దారిలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ గుర్తుకొస్తుంది. నారాయణగూడలోనే ఉంది. ఊళ్లో తాగేనీళ్ల సీసాలు పరీక్షకు అక్కడికి వస్తుంటాయి. నల్లా నీళ్లలో ఏం కలిసిందో వాళ్లు చెబుతారు. ఎక్కడ కలిసిందో మాత్రం మనం వెతుక్కోవాలి. 2009 మేలో ఇక్కడికి కూతవేటు దూరంలో, ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి జనం చచ్చిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. రోజంతా నీళ్లు రాని ఊళ్లో పైపుకు ఉండే ప్రమాదం ఇదే. నీళ్లు వచ్చినప్పుడు చిల్లులోంచి బయటికి కారుతాయి. నీళ్లు కట్టేశాక లోపల ఒత్తిడి పోతుంది, చుట్టూ మట్టిలో ఉన్న మురుగు అదే చిల్లులోంచి లోపలికి దూరుతుంది. మా అశోక్‌నగర్ పక్కనే హుస్సేన్‌సాగర్ నాలా పారుతుంది. వానాకాలం మట్టి ఆరదు. అందుకే మీటరు నుంచి సంపు దాకా ఉన్న పది అడుగుల పైపును కూడా ఇవాళ పరీక్షించకుండా వదలనని మేస్త్రికి చెబుతున్నాను. ఆయన తలూపి, "భోలక్‌పూర్ల మా బామ్మర్ది ఉంటుండె అప్పుడు," అని ఊరుకున్నాడు. ఆ తర్వాత చాలా దూరం ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

నారాయణగూడలో ఆ దుకాణం లోపలికి సొరంగంలా ఉంటుంది. ఎడమవైపు వాల్వులు, కుడివైపు ఎల్బోలు, టీలు, యూనియన్లు గోనెసంచుల్లో. నూనె వాసన. సేటు ముక్కు మీది కళ్లజోడు పైకి తోసి, "ఎన్ని కిలోలది?" అంటాడు.

ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో నుంచి తెచ్చుకోవాలి, దుకాణంలో వెతక్కూడదు. మా ట్యాంకు నేలకు సుమారు 18 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 10 మీటర్ల నీటికి ఒక కిలో. కింది నల్లా దగ్గర ఊరకే నిలబడ్డ నీళ్లే 1.8 కిలోల ఒత్తిడి ఇస్తాయి. షవర్ల కోసం ప్రెషర్ పంపు పెట్టుకున్నాం, దానిది ఇంకో 2 కిలోలు. మొత్తం 4 అనుకుందాం. దానికి ఒకటిన్నర రెట్లు పరీక్ష, అంటే 6. ఆ 6 అద్దం మధ్యలోనో, మధ్య దాటి కాస్త పైనో నిలబడే గేజ్ కావాలి.

"0 నుంచి 10," అంటాను.

సేటు ముందు 25ది తీశాడు, తర్వాత 16ది. "పెద్దది తీసుకోండి సార్, దేనికైనా పనికొస్తుంది." ప్లంబింగ్ సామానులో ఇంత నష్టం చేసిన మాట ఇంకోటి లేదని నా అభిప్రాయం. పైపు మీద కూడా ఇలాంటి పెద్ద అంకే ఉంటుంది. ఎస్‌డీఆర్ 11 రకం సీపీవీసీ పైపు చల్లటి నీళ్లకు 28 కిలోల దాకా ఓర్చుకుంటుంది, 82 డిగ్రీల వేడి నీళ్లకు అదే పైపు ఓర్పు 7 కిలోలకు పడిపోతుంది. 28 చూసి 20 ఎక్కించేవాళ్లను చూశాను. పైపు నిలబడుతుంది. దానికి తగిలించిన గీజర్ సాధారణంగా 8 బార్లకు చేసింది. అందుకే మేం గీజర్లు, మెత్తటి గొట్టాలు అన్నీ విప్పి పక్కన పెట్టాకే పంపు కొట్టాం.

చివరికి అట్టపెట్టె లోపలి నుంచి 0–10 బయటికి వచ్చింది. నాలుగంగుళాల ముఖం. గీతకు 0.2 కిలో. కింద 1.0 అని ముద్ర, అంటే తప్పు 0.1 కిలోకు మించకూడదు. అరచేతిలో బరువుగా ఉంది. మేస్త్రి దాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూస్తున్నాడు.

"లోపల ఏముంటది సార్ గిండ్ల?"

జాతరలో పిల్లలు ఊదే, చుట్టుకునే కాగితపు బూర తెలుసుగా. ఊదితే సాగి నిటారుగా లేస్తుంది, వదిలితే చుట్టుకుంటుంది. గేజ్ లోపల అలాంటిదే ఒక వంపు తిరిగిన చప్పిడి లోహపు గొట్టం. నీళ్లు నెట్టినప్పుడు కాస్త విచ్చుకుంటుంది, ఆ కాస్తను పళ్లచక్రం ముల్లుకు అందిస్తుంది. 1849లో యూజీన్ బోర్డాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు పేటెంటు తీసుకున్న ఉపాయం. ఇప్పటికీ ఇదే. ఒకసారి దాని శక్తికి మించి సాగదీస్తే ఆ గొట్టం మళ్లీ పూర్తిగా చుట్టుకోదు, ముల్లు సున్నాకు రాదు. అందుకే సున్నా చూడాలి. అక్కడే ఒక మోసం కూడా ఉంది. కొన్ని చవక గేజ్‌లలో సున్నా దగ్గర చిన్న మేకు ఉంటుంది, ముల్లు దాని మీద ఆనుకుని పడుకుంటుంది. చెడిపోయినా సున్నా మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. మేకు లేనిది అడిగి తీసుకోండి. కాలిబ్రేషన్ కాగితం ఇస్తే, దాని మీది నంబరు గేజ్ ముఖం మీది నంబరుతో కలుస్తుందో లేదో అక్కడే చూసుకోండి. సేటు ఇచ్చిన మొదటి కాగితం పక్క గేజ్‌ది. అడిగితే నాలిక్కరుచుకుని వెతికి మా గేజ్‌ది ఇచ్చాడు.

కౌంటరు దగ్గర ఇంకో పనివాడు మా మాటలు వింటున్నాడు. "ఇంత కష్టమెందుకన్నా, కంప్రెసర్ పెట్టి గాలి కొట్టు. నీళ్లు కారవు, గోడ తడవదు."

ఇది వినగానే నా వీపు జలదరిస్తుంది. అదే 20 లీటర్ల పైపులో అదే 6 కిలోలకు గాలి నింపితే, అందులో దాగే శక్తి నీళ్లలో దాగే దానికి వందల రెట్లు. నీళ్లున్న పైపు పగిలితే చిమ్మి ఊరుకుంటుంది. గాలి ఉన్న ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. నేను చెప్పేలోపే మా మేస్త్రి అందుకున్నాడు: "వొద్దు తమ్మీ. నీళ్లతోనే జెయ్యి. కండ్లు పోతయ్." ఆయనకు ఎవరూ లెక్క చెప్పలేదు. ఎక్కడో చూసి ఉంటాడు.

ఒక టీ, ఒక బాల్ వాల్వు, ఆరడుగుల కొత్త గొట్టం కూడా కొన్నాం. వంటగదిలో గ్యాస్ గొట్టం కూడా ఇవాళే చూడాలి కాబట్టి, గ్యాస్ వాసన పట్టే చేతి పరికరాలు అడిగితే రెండు రకాలు చూపించాడు సేటు. ఒకటి పైపుల్లో వచ్చే గ్యాస్‌కి సరిచేసింది, అంటే మీథేన్‌కి. రెండోది సిలిండర్ గ్యాస్‌కి. మాది సిలిండరు. జేబులోంచి లైటరు తీసి, వెలిగించకుండా దాని గ్యాస్ మాత్రం వదిలి, పరికరం ముక్కు దగ్గర పెట్టాడు. కీచుమని అరిచింది. కొనేముందు అది అరవగలదో లేదో చూపించమనడం మన హక్కు.

పదకొండున్నరకు మళ్లీ ఇంట్లో. మేస్త్రి కొత్త గేజ్‌ను పంపుకు పెట్టబోతే ఆపాను. పంపు, తర్వాత బాల్ వాల్వు, ఆ వాల్వు దాటాక లైన్ వైపు టీ, ఆ టీ మీద గేజ్. ఒత్తిడి ఎక్కాక వాల్వు కట్టేస్తే పంపు లెక్కలోంచి తప్పుకుంటుంది. పాత పంపుల్లో వాషర్లు అరిగి, అవే ఒత్తిడి వదిలేస్తుంటాయి. అప్పుడు గోడలను అనుమానిస్తాం.

నింపే ముందు నాలుగో అంతస్తులో చిట్టచివరి డమ్మీ వదులు చేయించాను. బుస్‌మని గాలి పోయింది, తర్వాత నీళ్లు తుంపర్లుగా, తర్వాత ధారగా. లైన్‌లో లీటరు గాలి మిగిలితే చాలు, పరీక్ష మందగిస్తుంది. ఒక కిలో దిగడానికి 9 మిల్లీలీటర్లు పోతే చాలేది, గాలి మెత్తలా సాగి ఆ లోటు పూడుస్తుంది కాబట్టి 30కి పైగా పోవాల్సి వస్తుంది.

టక్, టక్. ముల్లు ఈసారి అద్దాన్ని సగం దాటి లేచింది. 6. వాల్వు కట్టేశాం. రెండు నిమిషాలకే 5.8.

"దిగుతుంది సార్," మేస్త్రి గొంతు మారింది.

కొత్త ప్లాస్టిక్ మొదట్లో సాగుతుంది, అందుకు ముల్లు కాస్త దిగడం మామూలే. పావుగంట ఆగి మళ్లీ 6కు ఎక్కించాం. డాబా మీద పైపు ముక్క ఎండకు వేడెక్కకుండా తడి గోనె కప్పి వచ్చాడు మేస్త్రి వెంట ఉన్న కుర్రాడు. ఎండకు ముల్లు తనంతట తానే ఎక్కుతుంది, చల్లబడితే దిగుతుంది. ఆ దిగడాన్ని లీకు అనుకోకూడదు, లీకును చల్లబడటం అనుకోకూడదు. ఇప్పుడు లెక్క మొదలు. పన్నెండు గంటలా ఐదు నిమిషాలు. మేస్త్రి, కుర్రాడు, నేను, బకెట్ పట్టుకుని ఆగిపోయిన మూడో అంతస్తు అబ్బాయి, నలుగురి కళ్లూ ఒక ముల్లు మీద.

పది నిమిషాలకు 5.7.

పొద్దున ఇదే లైన్, ఇదే ఒత్తిడి, ఇదే పది నిమిషాలు. అప్పుడు "లీకు లేదు."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. మెట్లెక్కి ఒక్కో అంతస్తు వాల్వు కట్టేస్తూ వస్తున్నాడు. నాలుగోది కట్టేశాక కూడా ముల్లు దిగుతూనే ఉంది. మూడోది కట్టేశాక ఆగింది. అప్పుడు గేజ్ విప్పి మూడో అంతస్తుకు మోసుకెళ్లి, అక్కడి లైన్ ఒక్కదానికే బిగించాం. ఆ అంతస్తులో పట్టేది 5 లీటర్లే. నీళ్లు తక్కువైన కొద్దీ అదే చుక్కకు ముల్లు పడే వేగం పెరుగుతుంది. కళ్లముందే జారుతోంది, 6, 5.8, 5.6. ఇల్లంతా ఒకేసారి పరీక్షించి ధైర్యం తెచ్చుకోవడం కంటే ఒక్కో అంతస్తు విడదీసి పరీక్షించడం మేలని ఇంత స్పష్టంగా నాకెప్పుడూ కనిపించలేదు.

చేత్తో తడిమితే ఏమీ తెలియడం లేదు. గాడి అంతా సిమెంటు చెమ్మ. అబ్బాయి తన గదిలోంచి పాత పేపర్లు తెచ్చాడు. పొడి ముక్కలు చింపి ఒక్కో అతుకు చుట్టూ చుట్టాం. ఐదు నిమిషాలు. మిక్సర్ వెనక ఇత్తడి ఎల్బో మర దగ్గర కాగితం మీద కందిగింజంత మరక. అది మెల్లగా శనగగింజ అయింది.

మేస్త్రి దాని ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. "నేనే బిగిచ్చిన ఇది," అన్నాడు. టెఫ్లాన్ టేపు ఎదురు దిశలో చుట్టుకుపోయి మర లోపల ముడిపడింది. విప్పి, తుడిచి, మర తిరిగే వైపే కొత్త టేపు చుట్టి బిగించాడు. మర కాబట్టి అప్పుడే పరీక్షించవచ్చు. సొల్యూషన్ పూసిన అతుకైతే ఆరడానికి రేపటిదాకా ఆగాల్సిందే. మళ్లీ 6. ఈసారి అరగంట. ముల్లు గీత మీద కూర్చుంది. కదలగల ముల్లు కదలకుండా ఉండటం చూస్తున్నాం.

సంపు పైపు పరీక్ష తొందరగానే అయిపోయింది. అది బాగుంది.

రాత్రి ఎనిమిది. వంటగది. పెరట్లో గూట్లో ఉన్న 14.2 కిలోల సిలిండరు నుంచి పొయ్యి దాకా కొత్త రాగి గొట్టం వేశాం. అమ్మ వంట ముగించి పొయ్యి కట్టేసింది. మేస్త్రి అలవాటుగా కొత్త గేజ్ చేతిలోకి తీసుకున్నాడు. పదికిలోల గేజ్ మీద అంత మమకారం ఏర్పడింది ఆయనకు.

ఇక్కడ అది కూడా గుడ్డిదే. సిలిండరు మీది రెగ్యులేటరు పొయ్యికి పంపే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. మన గేజ్‌లో ఒక గీత 200 గ్రాములు. వంటగది గ్యాస్ మొత్తం వచ్చి తోసినా ఆ ముల్లు గీతలో ఆరోవంతు కూడా కదలదు. డాక్టరు చూసే బీపీ లెక్కలో చెప్పాలంటే ఈ గ్యాస్ 22. మన కింది బీపీ 80. మన రక్తనాళాల్లో నెత్తురు ఒత్తిడిలో మూడోవంతు కూడా లేని దాన్ని కొలవాలి. అలాగని కిలోల కొద్దీ గాలి కొడదామంటే రెగ్యులేటరు, పొయ్యి నాబ్‌లు పాడవుతాయి.

"మరి దేంతోని సూస్తం సార్?"

"నీ సంచిలోనే ఉందన్నా. లెవెల్ పైపు తియ్యి."

గోడలు సమంగా లేచాయో లేదో నీళ్లతో చూసుకునే పారదర్శకపు గొట్టం. ప్రతి మేస్త్రి దగ్గరా ఉంటుంది. దాన్ని 'యు' ఆకారంలో వంచి ఒక పలకకు కట్టాం, మధ్యన అమ్మ కుట్టుమిషను టేపు అతికించాం. నీళ్లలో చిటికెడు కుంకుమ కలిపి సగం దాకా పోశాం. ఒక కొస రాగి గొట్టానికి, ఇంకో కొస గాలికి. 30 గ్రాములంటే రెండు వైపుల నీటి మట్టాల మధ్య 300 మిల్లీమీటర్ల తేడా. ఒక్క మిల్లీమీటరు మారినా కంటికి కనిపిస్తుంది. దుకాణంలో దొరికే డిజిటల్ మానోమీటరు కూడా ఇదే పని చేస్తుంది, రోజూ గ్యాస్ పని చేసేవాళ్లు అది కొనుక్కోవాలి. ఒక ఇంటికి ఈ గొట్టమే చాలా నిజాయితీగల పరికరం. దీనికి కాలిబ్రేషన్ కాగితం అక్కర్లేదు. నీటి బరువే ప్రమాణం.

రెగ్యులేటరు విప్పి పెరట్లో పెట్టాం. పొయ్యి నాబ్‌లు, దాని ముందు వాల్వు కట్టేశాం. పాత బీపీ మిషను రబ్బరు బల్బుతో మెల్లగా, చాలా మెల్లగా గాలి పంపాను. గట్టిగా నొక్కితే ఎర్రనీళ్లు కప్పు దాకా చిమ్ముతాయి. 300 దాటి 400 దగ్గర ఆపాం. బల్బు వైపు బిరడా బిగించాం.

ఐదు నిమిషాలకు 390. పది నిమిషాలకు 380.

"లీకే సార్," మేస్త్రి అప్పటికే రెంచీ తీశాడు. పొద్దున లేదన్న మనిషి ఇప్పుడు ఉందంటున్నాడు.

సబ్బునీళ్లు పూశాం, ఒక్కో అతుకుకు బ్రష్‌తో. బుడగ లేదు. రాగి గొట్టం మీద వేళ్లు ఆనించాను. పొయ్యి పక్కన ఇంకా గోరువెచ్చగా ఉంది. అదీ సంగతి. మూసిన గొట్టంలో గాలి ఒక్క డిగ్రీ చల్లబడితే చాలు, ఈ నీటి మట్టంలో 33 మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు. ఇందాకటి వంట వేడి గొట్టంలోంచి ఇంకా దిగిపోతోంది. ఇంత చూపున్న పరికరం దగ్గర ఓపిక పట్టాలి, అది అన్నీ చూస్తుంది మరి. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, అమ్మ పెట్టిన పచ్చిపులుసు అన్నం తింటూ కూర్చున్నాం. మేస్త్రి ముద్ద ముద్దకూ పలక వైపు చూస్తున్నాడు. తొమ్మిదికి ఎర్రగీత 372 దగ్గర ఉంది. పదిహేను నిమిషాల తర్వాత కూడా 372.

సబ్బు పూసిన చోటల్లా తడిగుడ్డతో తుడిపించాను. ఆ జిడ్డు ఇత్తడి మీద ఉండిపోకూడదు. పొయ్యి దగ్గరి రబ్బరు గొట్టం మీద ముద్రించిన గడువు ఎప్పుడో దాటిపోయింది, వంచితే సన్నటి పగుళ్లు. అది పారేసి కొత్త సురక్షా గొట్టం వేశాం. రెగ్యులేటరు బిగించాక సేటు దగ్గర కొన్న పరికరం పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. సిలిండరు గ్యాస్ గాలికంటే బరువు, కారితే నేలబారున పాకుతుంది. పైపుల్లో వచ్చే గ్యాసైతే తేలిక, కప్పు దగ్గర వెతకాలి. గట్టు కింద, గూటి మూలల్లో, తలుపు సందులో పరికరాన్ని మెల్లగా తిప్పాను. ఎక్కడా అరవలేదు. రేపు గ్యాస్ ఏజెన్సీ మెకానిక్ వచ్చి తన వంతు చూసి వెళ్లాకే వంట అని అమ్మకు చెప్పాను. "అయితే పొద్దున కాఫీ బయటి నుంచి తెప్పించు," అంది.

మేస్త్రి సామాను సర్దుకుంటున్నాడు. లెవెల్ పైపులోని ఎర్రనీళ్లు తులసి మొదట్లో పోసి, గొట్టం చుట్ట చుట్టాడు. టెస్టింగ్ పంపు మీది పాత 60 కిలోల గేజ్ విప్పి సంచి అడుగున పడేశాడు. గడప దాకా వెళ్లి ఆగాడు.

"సార్, రేపు బాగ్‌లింగంపల్లిల ఒక లైన్ ఉంది. మొన్ననే టెస్ట్ కొట్టిన. ఇంక ప్లాస్టర్ కాలే." కాసేపు చెప్పులు చూసుకున్నాడు. "ఆ పదికిలోల మీటర్ ఒక్క రోజుకి ఇస్తరా?"

అట్టపెట్టెలో దూది సర్ది గేజ్ పెట్టి ఇచ్చాను. సంచిలో వేసుకోలేదు. చొక్కా లోపల, కడుపుకు ఆనించి పట్టుకుని మెట్లు దిగాడు.